మేనమామ కోపం

నాకు కోపం ఎక్కువ. గుడియాత్తంలో రంగరాజులు లుంగీల అంగడి ఎక్కడని బస్టాండులో ఎవరినడిగినా, నేరుగా పోయి ఎవరో అరుస్తున్న చోట ఆగమంటారు. మా నాయన కోపిష్టి, మా తాత ఇంకా కోపిష్టి. మా ఇంట్లో ముద్దు చేసినా అరిచే చేస్తాం. పెళ్లయిన కొత్తల్లో నేను కాఫీ అడిగితే, తనేదో తప్పు చేసిందనుకుని నా భార్య శశికళ వంటింట్లోకి పోయి ఏడ్చేదట. ఇప్పుడు నాకంటే గట్టిగా అరుస్తుంది, అది వేరే సంగతి.

ఆ కోపం సంగతే చెప్పాలని కూర్చున్నాను. అది ఎలా పోయిందో, పోతూ పోతూ ఎవరి కొంప ముంచిందో చెప్పాలి.

మూడేళ్ల కిందట మా అంగడి ఫోన్‌లోకి ఎక్కింది. ఎక్కించింది మా చెల్లెలు ధనమ్మ కూతురు రంజని. "ఇంక జనం అంగడికి రారు మామా, అంగడే వాళ్ల ఇండ్లకు పోవాల" అని చెప్పి, ఒక ఆదివారమంతా కూర్చుని లుంగీలకు ఫోటోలు తీసింది. బేరాలు పెరిగిన మాట నిజం. దాంతోపాటు నాకు నిద్ర కరువైంది. పొద్దున లేచింది మొదలు ఆ ఫోను టింగు టింగుమంటూనే ఉంటుంది. మొహం తెలియనివాడు, ఊరు తెలియనివాడు, ఫోటోలో రంగు ముదురుగా ఉంది, చేతికొచ్చింది లేతగా ఉందని అయిదు నక్షత్రాలకు ఒకటిచ్చి పోతాడు. అంగడికొచ్చి అడిగితే చొక్కా పట్టుకుని సమాధానం చెబుతాను. ఫోన్‌లో ఎవరి చొక్కా పట్టుకునేది? ఒకతని నంబరు ఎలాగో సంపాదించి అరగంటసేపు కడిగేశాను. ఆ మహానుభావుడు నా తిట్లన్నీ రికార్డు చేసి ఊరందరికీ పంపించాడు. గుడియాత్తంలో చిన్నపిల్లలు కూడా నా గొంతు అనుకరించడం మొదలుపెట్టారు. అది తెలిసిన రోజే, అంగట్లో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కళ్లు తిరిగి లుంగీల కట్టల మీద పడ్డాను.

కళ్లు తెరిచేసరికి వేలూరు ఆస్పత్రిలో ఉన్నాను. పక్కన తెల్లకోటు వేసుకుని రంజని.

ఈ పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు మా బావ పోయాడు. అప్పటినుంచి తల్లీకూతుళ్లు మా పక్కింట్లోనే ఉన్నారు. మాకు పిల్లల్లేరు. బళ్లో చేర్చేటప్పుడు తండ్రి చేయాల్సిన సంతకం దగ్గర నేనే చేశాను. రక్తపరీక్షల చదువు చదువుతానంటే, ధనమ్మ వద్దన్నా, నేను అరిచి చదివించాను. వేలూరులో పెద్ద ఆస్పత్రిలో, ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున రైల్లో కాట్పాడి వెళ్లి సాయంకాలం తిరిగొచ్చేది. ఆ తెల్లకోటును తల్లిని కూడా ముట్టుకోనిచ్చేది కాదు, తనే ఉతికి తనే ఇస్త్రీ చేసుకునేది. "నా మేనకోడలు ఒక్క చుక్క చూసి మనిషి గుట్టంతా చెప్పేస్తుంది" అని అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

"మామా, నీ బీపీ నూటతొంభై ఉండాది. ఇట్లే అరుస్తా ఉంటే ఇంకో తూరి లేచి కూర్చోవు" అంది ఆ రోజు. కళ్లనిండా నీళ్లు. నన్ను తిట్టే ధైర్యం మా వంశంలో ఆ పిల్లకొక్కదానికే ఉండేది.

అలా నన్ను వేలూరు సత్తువాచారిలో ఒక మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడ జానకిరామన్ అని రిటైరైన లెక్కల మాస్టారు శని, ఆదివారాలు పొద్దున ఏడింటికి యోగా నేర్పుతాడు. పల్చటి మనిషి, గొంతు పైకి లేవదు. వచ్చేవాళ్లంతా నాలాంటి బాధితులే. బ్యాంకు మేనేజరొకడు, కంప్యూటరు ముందు కూర్చుని మెడ పట్టేసిన కుర్రాళ్లు నలుగురు, నిద్రపట్టని టీచరమ్మ ఒకామె. మొదటిరోజు చాప మీద కూర్చోమంటే మోకాళ్లు మడతపడలేదు. నేను మాస్టారితో గొడవపడి లేచి పోతానని భయపడి, మొదటి నాలుగు వారాలు రంజని కూడా నా పక్కనే చాప వేసుకుని కూర్చుంది.

మాస్టారు చెప్పింది చిన్న విషయమే. కోపం వచ్చినప్పుడు దాన్ని తొయ్యొద్దు, దాని వెంట పరుగెత్తొద్దు. ఊపిరి లోపలికి, బయటికి, ఒకటి. అలా పన్నెండు లెక్కపెట్టాలి. పన్నెండు అయ్యేదాకా నోరు తెరవకూడదు.

"ఇదేనా? దీనికోసమా పొద్దున ఐదింటి బస్సెక్కి వస్తా ఉండేది?" అన్నాను.

"ఒకసారి చేసి చూడండి సార్" అన్నాడాయన.

చేశాను. మొదట్లో మూడు దాటేది కాదు. కానీ నేను మొండివాణ్ణి, పట్టిన పట్టు వదలను. రెండు నెలలకు పన్నెండు వచ్చింది. పన్నెండు దగ్గర ఏమవుతుందంటే, ఒంట్లో మంట చల్లారిపోయి, ఎదుటివాడు నోరు ఆడిస్తున్న బొమ్మలా కనిపిస్తాడు. నాకెంత హాయిగా ఉండిందో మాటల్లో చెప్పలేను. యాభైఆరేళ్లు నెత్తిమీద మోసిన బరువు దిగిపోయినట్టుంది. బీపీ తగ్గింది. ఒక్క నక్షత్రం ఇచ్చినవాడికి "మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి" అని రాయించి పంపాను. అది చూసి శశికళ బెదిరిపోయింది.

"నిజం చెప్పు, ఆ వేలూర్లో ఎవుర్తన్నా ఉండాదా?" అని అడిగింది. పాత రంగరాజులైతే ఇల్లు ఎగిరిపోయేది. కొత్త రంగరాజులు ఊపిరి లెక్కపెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఇంకా మండింది.

అప్పుడు మాస్టారు మండలం పట్టమన్నాడు. నలభై ఎనిమిది రోజులు ఒక్కసారి కూడా కోపంతో నోరు పారేసుకోకూడదు. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటినుంచి. మొదటిసారి ఆరోరోజు తప్పింది, కరెంటాఫీసులో. రెండోసారి పంతొమ్మిదో రోజు, మా శశికళ దగ్గరే. మూడోసారి మాత్రం బండి సాఫీగా సాగింది. అంగట్లో క్యాలెండరు మీద రోజుకొక గీత గీసేవాణ్ణి. ముప్ఫై దాటాక, వచ్చినవాళ్లకు లుంగీల కంటే ముందు ఆ క్యాలెండరు చూపించేవాణ్ణి. అప్పటికే నాకు గర్వం పట్టిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు దాన్ని శాంతి అనుకున్నాను.

ఆ రోజుల్లోనే రంజనికి జోలార్పేట సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు కార్తికేయన్, రైల్వేలో ఉద్యోగం. మనవాళ్లే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పిల్లాడు బుద్ధిమంతుడు. రంజని కూడా వద్దనలేదు. చిక్కల్లా ఒక్కటే. పిల్లాడి తల్లికి కీళ్లవాతం, మంచం దిగలేదు. కోడలు ఇంట్లో ఉండాలని వాళ్ల ఆలోచన. ఆ మాట పైకి చెప్పలేదు, "మా ఇంట్లో ఆడోళ్లు పనికి పోయే అలవాటు లేదు" అని మాత్రం తిప్పి తిప్పి అన్నారు.

నిశ్చితార్థానికి మూడు రోజుల ముందు రంజని అంగడికొచ్చింది. సాయంకాలం రైలు దిగి నేరుగా వచ్చింది, భుజాన సంచి అలాగే ఉంది.

"మామా, నాకు పని మానుకోవాలని లేదు. జోలార్పేట నుంచి కాట్పాడికి రోజూ ఎంతమంది పోయి రావడంలేదు? నేనూ పోయి వస్తాను. పొద్దున వంట చేసి పెట్టే పోతాను, ఆయమ్మకు మందులిచ్చే పోతాను. అమ్మతో చెప్తే, పెండ్లయినాక వాళ్లే ఒప్పుకుంటారులే అంటా ఉండాది. ఒప్పుకోరు మామా. నాకు తెలుసు. నువ్వు అడగాల."

"అడగతానమ్మా, దానికేముంది."

"అట్ల కాదు. పళ్లెం చేతిలో ఉండంగానే అడగాల. అందరి ముందరా వాళ్ల నోటితో సరే అనిపించాల. అనకుంటే పళ్లెం ఇయ్యొద్దు."

ఈ పళ్లెం సంగతి చెప్పాలి. మావాళ్లల్లో నిశ్చితార్థం నాడు తాంబూలం పళ్లెం మొదట పిల్ల మేనమామ చేతికిస్తారు. అది ఆయన చేతిలో ఉన్నంతసేపు ఆయన ఏమైనా అడగొచ్చు, ఎంతైనా గొడవపడొచ్చు, ఎవరినైనా నిలదీయొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. అది ఆయన హక్కు, ఆయన పని కూడా అదే. ఆయన మాట్లాడకుండా పళ్లెం పిల్లాడి తండ్రికిచ్చేస్తే అన్నిటికీ ఒప్పుకున్నట్టే. తర్వాత ఆయన మాట చెల్లదు. మా ధనమ్మ నిశ్చితార్థంలో మా మేనమామ పళ్లెం ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు కదల్లేదు. వచ్చినవాళ్లు ఆకలితో నకనకలాడిపోయారు. పిల్లను పొన్నై దగ్గర పల్లెలో కాకుండా గుడియాత్తంలోనే కాపురం పెట్టిస్తామని వాళ్లచేత అనిపించి గానీ ఆయన లేవలేదు. ఆ రెండు గంటల పుణ్యమే, మొగుడు పోయాక ధనమ్మ మా పక్కన బతకగలిగింది.

"గట్టిగా అరువు మామా. రంకెలెయ్యి. నీ పాత కోపమే కావాల నాకు ఆ దినం" అంది రంజని.

"ఏమే, కోపం వద్దని ఆ మిద్దె మీదికి తోసింది నువ్వే గదా?"

"ఆ ఒక్క దినానికే. మర్నాటి నుంచి మళ్లీ లెక్క పెట్టుకో."

ఇద్దరం నవ్వాం. "నీ పనికి అడ్డమొచ్చేవాణ్ణి జోలార్పేట దాకా తరుముకుంటా పోతాను, సరేనా?" అన్నాను. దాని తలమీద చెయ్యేసి అన్నాను. పిల్ల ముఖం తేటపడింది. సంచిలోంచి బీపీ చూసే మిషను తీసి, నా చేతికి పట్టీ చుట్టి చూసి, బాగుందని చెప్పి వెళ్లింది.

నిశ్చితార్థం రోజు నా మండలంలో నలభైమూడో రోజు.

మా ఇంటి ముందు షామియానా వేశాం. వాళ్లు జోలార్పేట నుంచి రెండు వ్యాన్లలో వచ్చారు. పిల్లాడి తండ్రి పూర్ణచంద్ర నిండుగా పంచె కట్టుకుని, నవ్వు మొహంతో ఉన్నాడు. మావాళ్లంతా ముందు వరుసల్లో సర్దుకుని కూర్చున్నారు. రంగరాజులు చేతికి పళ్లెం వస్తోందంటే ఆ వేడుక చూడాలని ఒడుగత్తూరు నుంచి కూడా బంధువులొచ్చారు. ధనమ్మ మాత్రం కాళ్లు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పళ్లెం నా చేతికి వచ్చేముందు పక్కకొచ్చి, "అన్నా, నీకు దండం పెడతాను. మంచి సంబంధం, చెడగొట్టొద్దు" అని గొణిగింది.

రంజని లోపలి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టారు.

నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనలేరు. మెత్తగా, మర్యాదగా అడిగాను. "సంబందీ, మా పిల్ల వేలూర్లో మంచి పనిలో ఉండాది. పెండ్లయినాక గూడా పోయి రావాలని దాని ఆశ. మీరు ఒక్కమాట సరే అంటే..."

పూర్ణచంద్ర తొడమీద చెయ్యేసుకుని నవ్వాడు. "ఆశలు ఎవురికి ఉండవు సంబందీ? అవన్నీ పెండ్లయినాక ఇంట్లో ఆడోళ్లు మాట్లాడుకుంటారు. అయినా మా కోడలు ఊరోళ్ల రక్తం బుడ్లు మోసే గతి మాకేం పట్టలేదప్పా."

వాళ్లవాళ్లు నవ్వారు.

నాకు కోపం వచ్చింది. పాదాల దగ్గర మొదలై, కడుపులోంచి గొంతుకు ఎగదన్నింది. చెవులు వేడెక్కాయి. మావాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగారు. ఎవరో "అయిపోయినాడు" అని అనడం కూడా వినపడింది. నోరు తెరవబోయాను.

అప్పుడు నాకు క్యాలెండరు గుర్తొచ్చింది. నలభైమూడు. ఇంకో ఐదు రోజులు. ఇంతమంది ఎదురుచూస్తున్నది నా అరుపు కోసమే కదా, వీళ్లందరికీ కొత్త రంగరాజుల్ని చూపిద్దాం అనిపించింది. ఎంత పాడుబుద్ధి! పిల్ల బతుకు చేతిలో పట్టుకుని, నేను నా గీతలు లెక్కపెట్టుకున్నాను. ఊపిరి లోపలికి, బయటికి, ఒకటి. రెండు. మూడు. పూర్ణచంద్ర నవ్వు తగ్గించి నా మొహం చూస్తున్నాడు. ఆరు దగ్గర గొంతులో మంట దిగింది. తొమ్మిది దగ్గర అతని మొహం బొమ్మలా అయింది. అందరూ తెలియని మనుషుల్లా, దూరంగా, నాకేమీ సంబంధం లేనట్టు కనిపించారు. పన్నెండు.

"మంచిది" అని నవ్వి, పళ్లెం అతని చేతుల్లో పెట్టాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మేళం మోగింది. ధనమ్మ నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. అన్నం దగ్గర బంధువులంతా అదే మాట. "రంగరాజులు మహాత్ముడైపోయినాడప్పా!" "ఆ వేలూరు మాస్టరు అడ్రసు మాకూ ఇయ్యి." సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాటలు నాకు పాయసం కంటే తియ్యగా ఉన్నాయి. రంజని వచ్చి కాళ్లకు దండం పెట్టింది. తలెత్తలేదు. "అన్నీ సర్దుకుంటాయిలేమ్మా" అన్నాను. "సరే మామా" అంది. అంతే.

ఆ ఆదివారం మిద్దె మీద మాస్టారికి జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన చాప చుట్టడం ఆపి విన్నాడు.

"అయితే ఆ పాప ఉద్యోగం?"

"అదీ... వాళ్లు ఒప్పుకోలేదు."

"పన్నెండు లెక్కపెట్టినారు, మంచిదే. ఆ తర్వాత నోరు తెరిచి ఏం చెప్పినారు?"

"ఏమీ చెప్పలేదు. పళ్లెం ఇచ్చేసినా."

ఆయన సగం చుట్టిన చాప కింద పెట్టాడు. "సార్, పన్నెండు లెక్కపెట్టమనేది మాట తేటగా రావాలని. మానుకోమని కాదు. మీరు చల్లగా కూర్చుని, వాళ్లు సరే అనేదాకా సాయంకాలం వరకు పళ్లెం పట్టుకుని ఉండాల్సింది. దానికి కోపం అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి నేను మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పినా నా చెవికెక్కేది కాదు. అప్పుడొచ్చింది నా కోపం, రావాల్సిన చోట రాకుండా ఆ ముసలాయన మీద వచ్చింది. వీధి చివరి దాకా వినపడేలా అరిచాను. నీ ఊపిరీ వద్దు, నీ లెక్కలూ వద్దు, నా పిల్లను ముంచావు అన్నాను. టీచరమ్మ భయపడి మెట్లు దిగిపోయింది. ఆయన మాత్రం నిలబడి అన్నీ విన్నాడు. తప్పు ఆయనది కాదని అరుస్తున్నప్పుడే నాకు తెలుసు.

మర్నాడే రైలెక్కి జోలార్పేట వెళ్లాను. పూర్ణచంద్ర ఇంటి ముందు నిలబడి, పిల్ల ఉద్యోగం మానదు, ఇష్టం లేకపోతే తాంబూలం వెనక్కి ఇవ్వమని రంకెలు వేశాను. అతను గేటు కూడా తియ్యలేదు.

"పళ్లెం మీ చేత్తోనే, నవ్వుతా ఇచ్చినారు గదా సంబందీ. రెండు ఊర్లోళ్లు చూసినారు. ఇచ్చినాక మేనమామ మాటకు ఏం విలువ? ఈ పద్ధతి మీకు నేను చెప్పాల్నా?"

తిరుగు రైలెక్కాను. అతనన్నది మా పద్ధతే. గుడియాత్తం చేరేలోగా ధనమ్మకు ఫోను వెళ్లింది. ఇంటికెళ్తే, గుమ్మంలోనే అడ్డం పడుకున్నంత పని చేసింది. "తాంబూలాలు తప్పిన పిల్లను ఎవురు చేసుకుంటారన్నా? అరిచేదుంటే అప్పుడే అరవాల్సింది, ఇప్పుడు అరిచి దాన్ని వీధిలో నిలబెడతావా?" అని ఏడ్చింది. లోపలినుంచి రంజని వచ్చి, "వదిలెయ్ మామా. నువ్విప్పుడు అరిస్తే అమ్మకే నష్టం" అంది. వదిలేశాను.

పెళ్లికి పదిరోజుల ముందు ఉద్యోగం మానేసింది. ఆ చివరిరోజు నేను కూడా వేలూరు వెళ్లాను. ఆస్పత్రి గేటు బయట గంటసేపు నిలబడ్డాను. స్నేహితురాళ్లు గేటు దాకా వచ్చి సాగనంపారు. తెల్లకోటు మడిచి, చంకలో పెట్టుకుని వచ్చింది. దారిలో టీ తాగుదామా అంటే వద్దంది. రైల్లో నాకు కిటికీ పక్కన చోటిచ్చి, ఎదురు సీట్లో కూర్చుంది. క్షమించమని అడుగుదామని కాట్పాడిలో అనుకున్నాను, లత్తేరిలో అనుకున్నాను. గుడియాత్తం వచ్చేసింది.

పెళ్లయి ఏడాదిన్నర దాటింది. పోయిన నెల జోలార్పేట వెళ్లాను. అంతకుముందు రెండుసార్లు పండగ సారె ఇవ్వడానికి వెళ్లి, పదిమందిలో కూర్చుని లేచి వచ్చాను. ఈసారి పనిగట్టుకుని, కార్తికేయన్ డ్యూటీలో ఉండే వేళ, పూర్ణచంద్ర బయటికి వెళ్లే వేళ చూసుకుని వెళ్లాను.

చెడ్డవాళ్లేం కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. పిల్ల ఒంటిమీద నగ ఉంది, ఇంట్లో లోటు లేదు. మొగుడు మంచివాడు, గట్టిగా మాట్లాడడు, తండ్రికి ఎదురు చెప్పడు కూడా. రంజని అత్తకు స్నానం చేయించి, మోకాళ్లకు తైలం రాసి, పడుకోబెట్టి వచ్చింది. నాకు కాఫీ ఇచ్చింది. వరండాలో కూర్చున్నాం. ఆ ఇంటి ముందు నుంచే రైళ్లు పోతుంటాయి, మాటకు మాటకు మధ్య ఆగాల్సి వచ్చేది. మనిషి చిక్కలేదు, ఒళ్లు చేయలేదు. మొహం ఎంత ప్రశాంతంగా ఉందంటే నాకు భయమేసింది.

"ఎట్ల ఉండావమ్మా?"

"బాగుండాను మామా. పొద్దున నాలుగున్నరకు లేచి మాస్టారు చెప్పినట్టు చేసుకుంటాను. మధ్యానం ఇంకో తూరి. దినం గడిచిపోతా ఉండాది."

"ఆ దరిద్రం నువ్వూ చేస్తా ఉండావా?"

"దరిద్రమెందుకు? అది లేకుంటే ఎట్ల ఉందునో."

ఇక ఆగలేకపోయాను. "తప్పు చేసినానమ్మా" అన్నాను. "నీ తలమీద చెయ్యేసి మాట ఇచ్చి, నలుగురి మెప్పు కోసం తప్పినాను. నన్ను తిట్టు. ఆస్పత్రిలో తిట్టినట్టు తిట్టు. ఒక్కసారి అరువమ్మా." నా గొంతు నాకే వింతగా వినిపించింది. యాభైఎనిమిదేళ్లకు మొదటిసారి ఒకరిముందు ఏడ్చాను.

రంజని కాఫీ లోటా నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"ఆ దినం నేనూ లెక్కపెట్టినా మామా."

"ఏందమ్మా?"

"తలుపు కాడ నిలబడుకొని. నాలుగు వారాలు నీ పక్కన కూర్చున్నా గదా, నీ ఊపిరి నాకు తెలీదా? నీ భుజాలు లేచి దిగేది చూస్తా, నీతోటే లెక్కపెట్టినా. మూడు కాడ అనుకున్నా, మామ ఇప్పుడు లేస్తాడని. ఏడు కాడ అనుకున్నా. పదకొండు కాడ గూడా అనుకున్నా."

రైలు ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగింది.

"పన్నెండుకి నవ్వినావు."

నేను తలవంచుకున్నాను. "కోపం రాలేదా నీకు నామీద?"

"వచ్చింది మామా. ఆ పొద్దు ఇల్లంతా కూలిపోవాలన్నంత వచ్చింది." ఆమె గొంతులో హెచ్చు లేదు, తగ్గు లేదు, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టుంది. "నాకు చిన్నప్పటినించీ కోపం వస్తే, నీతో చెప్పేదాన్ని. నువ్వు పోయి అరిచేవాడివి. బళ్లో టీచరు మీద, బస్సులో వెకిలి చేసినోడి మీద, అమ్మ మీద, అందరి మీదా నా బదులు నువ్వే అరిచినావు. నాకు అరిచేది రాదు మామా, ఎప్పుడూ పనిబడలేదు. ఇప్పుడు నీ మీద కోపం వస్తే, ఎవురితో చెప్పాల?"

లోపలినుంచి అత్త పిలిచింది. రంజని కళ్లు మూసుకుంది. ఆమె భుజాలు మెల్లగా లేచి దిగాయి, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత నాకేసి చూసి నవ్వి, "వస్తా ఉండానత్తా" అని లేచి లోపలికి వెళ్లింది.